డోరీన్‌కి అందేలా పొడిగించిన స్టీరింగు

డోరీన్ టాండీ నిలబడితే మామూలు మగవాడి భుజం దాకా కూడా రాదు. కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసినన్నాళ్లూ కౌంటరు వెనక ఒక చెక్కపెట్టె వేసుకుని, దాని మీద నిలబడి బఠాణీలూ మాంసం ఉండలూ వడ్డించేది. పెట్టె దిగితే మనిషి మాయం. "డోరీన్ ఏదీ?" అని ఎవరైనా అడిగితే, "కిందికి చూడు" అనేవాళ్లు వరసలో నిలబడ్డవాళ్లు. ఆవిడ కోపం తెచ్చుకునేది కాదు. అన్నవాడి చెయ్యి మీద గరిటెతో ఒక్కటి తగిలించి, పక్కవాడికి వడ్డించేది.

మారిస్ పరిచయమైంది ఆ వరసలోనే. వెల్డింగ్ షాపులో మనిషి. పొడుగంటే మామూలు పొడుగు కాదు, ఏ గుమ్మంలోకి వచ్చినా తల వంచాల్సిందే. పెళ్లిరోజున ఇద్దరూ చర్చి మెట్లు దిగుతుంటే, "దీపస్తంభం పక్కన పోస్టు డబ్బా పెట్టినట్టుంది" అన్నాడు లెస్ బిడిల్. లెస్ కూడా అదే షాపులో వెల్డరు, మారిస్‌కి ప్రాణస్నేహితుడు. మారిస్ ఆ మాటకి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత జీవితమంతా భార్యని "పిట్టా" అనే పిలిచాడు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తుకునేవాళ్లు కాదు.

తర్వాత ఫ్యాక్టరీ వాళ్లు సగంమందిని ఇంటికి పంపించేశారు. మా ఊరు బెడ్‌వర్త్‌లో అలా ఇంటికొచ్చిన మగాళ్లు రెండు రకాలు. కొందరు టీవీ ముందు కూర్చుని అక్కడే ఉండిపోయారు. కొందరు గ్యారేజీల్లోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు. బతుకంతా పరాయివాళ్లకి కార్లు చేసినవాళ్లు కదా, ఇప్పుడు తమకోసం ఒకటి చేసుకుందామని. ఇనప గొట్టాలు కోసి ఛాసిస్, అంటే చట్రం, వెల్డింగ్ చేసుకోవడం, పాత సామాన్ల కొట్టులో ఒక డొక్కు ఫోర్డు కొని దాని ఇంజనూ గేర్లూ స్టీరింగూ ఊడదీసి ఇందులో బిగించడం. తలుపులుండవు, పైకప్పు ఉండదు, పక్కమీంచి కాలెత్తి లోపల పెట్టి జారి కూర్చోవాలి. రోడ్డుకి జానెడెత్తులో ఉంటుంది.

మారిస్ కారు పని ఏళ్ల తరబడి సాగింది. డోరీన్ స్నానం చేసే తొట్టెలో కార్బురేటరు నానబెట్టాడు. భోజనాల బల్ల మీద గేరుపెట్టె విప్పాడు. ఒక క్రిస్మస్‌కి కోడిని వండుదామని ఓవెన్ తెరిస్తే లోపల రంగు ఆరబెట్టిన బ్రాకెట్లున్నాయి.

"నా వంటింట్లో నీ తుక్కేమిటయ్యా?"

"ఇంకో గంట ఆగు పిట్టా. బాగా వేగనీ."

ఆవిడ తిట్టేది, మళ్లీ టార్చిలైటు పట్టుకోవడానికి తనే వెళ్లేది. దీపం ఎటు తిప్పాలో, ఎప్పుడు కళ్లు మూసుకోవాలో ఆవిడకి చెప్పనక్కర్లేదు. వెల్డింగ్ మెషిన్ వేస్తే వంటింట్లో బల్బు కాస్త మసకబారి, రేడియో గరగరమనేది. "మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?" అని పక్కింటావిడ అడిగితే, డోరీన్ రేడియో వైపు చెవి పెట్టి జవాబు చెప్పేది.

ఇక ఎర్ర ఊలు సంగతి. కార్లు కట్టేవాళ్లంతా గురువారం గురువారం పబ్బులో కలుస్తారు. వాళ్లలో ఒక కట్టుబాటుంది. ఏ బోల్టయినా తాత్కాలికంగా బిగించి వదిలేస్తే, ఏ అతుకైనా సగంలో ఆపితే, దానికొక గుర్తు పెట్టాలి. మర్చిపోయి రోడ్డెక్కితే ప్రాణాలు పోతాయి. కొందరు పసుపు రంగు పూస్తారు, కొందరు టేపు అంటిస్తారు. మారిస్ డోరీన్ స్వెట్టరు అల్లగా మిగిలిన ఎర్ర ఊలు ముక్క కట్టేవాడు. పని పూర్తయ్యాకే తెంపడం. కట్టినవాడే తెంపాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. ఒకసారి లెస్, సాయం చేద్దామనుకుని, ఒక పోగు తెంపబోతే మారిస్ వాడి చేతి మీద పానాతో కొట్టాడు.

"చూశాను కదరా, బిగించే ఉంది!"

"నీ చూపు సంగతి నాకు తెలియదా? నీ వెల్డింగు పావురం రెట్ట వేసినట్టుంటుంది. నా కారు ముట్టుకోకు."

లెస్ ఆ మాట పబ్బులో అందరికీ తనే చెప్పుకుని నవ్వేవాడు. మారిస్ అతుకు చూస్తే నాణేలు ఒకదాని మీద ఒకటి వాల్చి పేర్చినట్టుండేది. అది లెస్ కూడా ఒప్పుకునేవాడు.

కారు ముప్పాతిక వంతు అయింది. ఒకరోజు పొద్దున మారిస్ టోస్టుకి వెన్న రాస్తూ రాస్తూ కుర్చీలోంచి కిందపడి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. మూర్ఛ అన్నారు. ఆసుపత్రిలో తల ఫోటోలు తీశాక అసలు సంగతి చెప్పారు, లోపల గడ్డ. తీయడానికి వీల్లేని చోట ఉంది. రేడియేషన్ ఇస్తాం, కొంతకాలం గడుస్తుంది అన్నారు. డ్రైవింగ్ లైసెన్సు వెనక్కి ఇచ్చెయ్యాలి అని కూడా చెప్పారు.

చనిపోతానన్న మాటకి మారిస్ తల ఊపాడు. లైసెన్సు మాటకి మాత్రం ఏడ్చాడు.

వారం దాకా గ్యారేజీ వైపు పోలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం డోరీన్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, "ఎక్కు" అన్నాడు, డ్రైవరు సీటు చూపించి.

"నేనా?"

"నీకు లైసెన్సుందా లేదా?"

ఉంది. యాభై దాటాక తెచ్చుకుంది. చిన్న కారులో సంతకి వెళ్లి రావడమే తప్ప దూరం నడిపింది లేదు. కాలెత్తి లోపల పెట్టి జారి కూర్చుంటే, ఇంకేముంది, సీటు మింగేసింది ఆవిణ్ణి. చేతులు చాపినా వేళ్లకొసలు మాత్రమే స్టీరింగు చక్రానికి తగిలాయి. కాళ్లు పెడల్స్‌కి ఆమడ దూరం. కారంతా మారిస్ తన కొలతకి కట్టుకున్నాడు. సీట్లు కూడా ముందుకీ వెనక్కీ జరిగేవి కావు, నేలకి బోల్టులు దించి బిగించాడు.

"వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుంటాలే."

"దిండ్లు పెట్టుకుని నడిపే కారు కాదిది" అన్నాడు మారిస్. "మలుపులో దిండు జారితే నువ్వు జారతావు. నువ్వు కారు దగ్గరికి పోవడం కాదు, కారే నీ దగ్గరికి వస్తుంది."

అప్పుడు చెప్పాడు మనసులో ఉన్నది. ఇది పూర్తి చేస్తాడు. డోరీన్ నడుపుతుంది. తను పక్కన కూర్చుంటాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఊరు దాటి, కొండదారిలో పైదాకా వెళ్లి రావాలి. అంతకంటే ఇంకేం అక్కర్లేదు. డోరీన్ సరేనంది. ఆ రోజు నుంచీ ఆవిడకీ అదొక్కటే లెక్క, ఈయన కూర్చోగలిగి ఉండగానే కారు బయటికి రావాలి.

పెడల్స్‌కి మందపాటి చెక్కదిమ్మలు బిగించాడు. అది తేలిక. స్టీరింగు దగ్గరే చిక్కు. చక్రాన్ని నాలుగు వేళ్ల మందం డోరీన్ వైపు లాగి, బ్రాకెట్టు కొత్త చోట బిగించాడు. చక్రం వెనక్కి వచ్చింది కాబట్టి, అడుగున ఉన్న రాడ్డు కూడా దానితోపాటు వెనక్కి వచ్చేసి, ముందు చక్రాలు తిప్పే కీలుకి అందకుండా పోయింది. మధ్యలో ఖాళీ. రాడ్డు పొడిగించాలి. కొనుక్కోవడానికి తయారుగా ముక్క దొరుకుతుందని లెస్ చెబితే, "నలభై ఏళ్లు వెల్డింగు చేసినవాణ్ణి, కొట్లో కొనుక్కుంటానా?" అన్నాడు. రాడ్డు కోసి, రెండు కొసలనీ దళసరి ఉక్కు గొట్టంలో రెండు వైపుల నుంచి దూర్చి, సరిగ్గా వరస కుదిర్చాడు. వరస చెదరకుండా అక్కడో చుక్క ఇక్కడో చుక్క వేసి అంటించాడు. టాకాలంటారు వాటిని. చొక్కాకి గుండుసూది గుచ్చినట్టు, అంతకంటే బలముండదు. ఆ తర్వాత రాడ్డుని బయటికి తీసి, బెంచీ మీద వైసులో బిగించి, చుట్టూరా నిండుగా వెల్డింగ్ చేయాలి.

టాకాలు వేసేసరికి ఎడమ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. డోరీన్ దీపం పక్కనపెట్టి, "ఇవాళ్టికి చాలు" అంది. ఆయన రాడ్డు చల్లారేదాకా కూర్చుని, ఒక ఎర్ర ఊలు ముక్క కట్టి, లోపలికొచ్చి పడుకున్నాడు.

ఆ తర్వాత తలనొప్పి, వాంతులు, రేడియేషన్ రోజులు. మధ్యమధ్య కాస్త తేరుకున్న మధ్యాహ్నాలు గ్యారేజీలో కూర్చుని చిన్న చిన్న పనులు చేసుకునేవాడు.

ఒకరోజు డోరీన్ టీ పట్టుకెళ్లేసరికి, మారిస్ నేల మీద వెల్లకిలా పడుకుని రాడ్డు మీదికి రబ్బరు తొడుగు లాగుతున్నాడు. మొహంలో వెలుగు.

"అయిపోయింది పిట్టా! స్టీరింగు అయిపోయింది. ఆదివారం నీ చేత వీధి చివరిదాకా నడిపిస్తా."

డోరీన్ వంగి చూసింది. తొడుగు పక్కన ఊలు ముక్క వేలాడుతోంది.

"ఊలు ఇంకా ఉందే?"

మారిస్ తిరిగి చూశాడు. ఒక్క క్షణం ఆయన కళ్లలో ఏమీ లేదు. ఆ ఊలు అక్కడెందుకుందో వెతుక్కుంటున్న మనిషి మొహం. వెంటనే సర్దుకున్నాడు.

"ఆ, తెంపడం మర్చిపోయా." కత్తెర అందుకుని తుంచేశాడు.

"బెంచీ మీద పెట్టి వెల్డింగ్ చేశావా మరి?"

"చెయ్యకుండా ఉంటానా? నువ్వే కదే దీపం పట్టుకున్నావు!"

డోరీన్ పట్టుకోలేదు. కప్పు ఆయన పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చి, సింకు దగ్గర నీళ్లు వదిలేసి నిలబడింది. ఆ టాకాలు వేసిన రోజు తర్వాత రేడియో ఒక్కసారి కూడా గరగరమనలేదు. బల్బు మసకబారలేదు. ఆవిడ ఇంట్లోంచి కదిలింది ఆయనతో ఆసుపత్రికి వెళ్లడానికే. ఇక ఆయన ఎప్పుడు చేసినట్టు?

వెళ్లి ఆ మాట మొహాన అడగవచ్చు. "నువ్వు చెయ్యలేదు, నీకు గుర్తులేదు" అని చెప్పవచ్చు. చేతులు పోతున్నాయి, కళ్లు పోతున్నాయి, లైసెన్సు పోయింది. ఆ మనిషికి మిగిలింది ఆ అతుకే. అదీ పోయిందని పెళ్లామే చెప్పాలా? చెప్పకపోతే ఆదివారం ఇద్దరూ ఆ రాడ్డు మీద ప్రాణాలు పెట్టి రోడ్డెక్కాలి. మొహం తుడుచుకుని లెస్ ఇంటికి నడిచింది.

లెస్ పేస్ట్రీ తింటూ తలుపు తీశాడు. "ఏంటి డోరీన్, ముసలోడు మళ్లీ నిన్ను పానా వెతకమన్నాడా?" ఆవిడ మొహం చూసి తినడం ఆపాడు.

చెప్పింది. లెస్ సగం తిన్న పేస్ట్రీని గుమ్మం పక్కన పెట్టాడు.

"వాడికి తెలిస్తే నన్ను చంపేస్తాడు."

"నువ్వు చూడకపోతే నేను చస్తాను లెస్. నా పక్కన ఆయన కూడా."

ఆసుపత్రి వ్యాను వచ్చి మారిస్‌ని తీసుకెళ్లే రోజున, కుళాయి బాగుచేసేవాడు వస్తాడని అబద్ధం చెప్పి డోరీన్ ఇంట్లో ఉండిపోయింది. వ్యాను మలుపు తిరగడం చూసి లెస్ వెనక దారిన వచ్చాడు. నేల మీద పడుకుని తొడుగు జరిపాడు. "దేవుడా" అన్నాడు. డోరీన్‌ని సీట్లో కూర్చోబెట్టి, తను కింద కీలుని రెంచితో కదలకుండా పట్టుకుని, "తిప్పు" అన్నాడు. ఆవిడ తిప్పింది.

"గట్టిగా. మలుపులో తిప్పినట్టు."

టక్‌మంది. పెద్ద చప్పుడేం కాదు, బిస్కెట్టు విరిచినంత. ఆ తర్వాత చక్రం ఆవిడ చేతుల్లో ఉత్తినే గిరగిరా తిరిగింది, దేనికీ సంబంధం లేనట్టు. లెస్ కింద నుంచి లేవలేదు. ఆవిడ కూడా సీట్లోంచి లేవలేదు.

లెస్ ఇంకో రాడ్డు కోశాడు, ఇంకో గొట్టం పెట్టాడు, బెంచీ మీద తీరిగ్గా వెల్డింగ్ చేశాడు. మారిస్ పనితనం తెప్పించాలని నాలిక బయటపెట్టి మరీ ప్రయత్నించాడు. వంటింట్లో రేడియో గరగరలాడింది. డోరీన్ వెళ్లి దాన్ని కట్టేసింది. విరిగిన ముక్కని లెస్ పారేస్తానన్నాడు కానీ, ఆవిడెందుకో తీసుకుని మాసిన బట్టల బుట్ట అడుగున పెట్టింది.

ఆ ఆదివారం వాన. ఆ పై వారం మారిస్‌కి మరో మూర్ఛ. ఆ తర్వాత కాస్త నడవగలిగిన రోజున గ్యారేజీకి వెళ్లాడు, అడుగున గ్రీసు పెట్టాలని. డోరీన్ గుమ్మంలో నిలబడింది. తొడుగు జరిపిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"లెస్ ఎప్పుడొచ్చాడు?" అని కింద నుంచి అడిగాడు.

"లెస్ ఎందుకొస్తాడు?"

"డోరీన్." పిట్టా అనలేదు. "పావురం రెట్ట నాకు తెలియదా?"

ఇక దాచి ప్రయోజనం లేదు. మెల్లగా బయటికి వచ్చి బెంచీకి ఆనుకుని కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది.

"నా వెనకాల. నా గ్యారేజీలో. నా స్టీరింగు మీద వాడి చేత చెయ్యి వేయించావు. ఏం, నేను చెయ్యలేదనుకున్నావా?"

డోరీన్ గుమ్మం వదిలింది. లోపలికెళ్లి బట్టల బుట్టలోంచి ఆ ముక్క తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆ పని చేసినందుకు ఆవిడ ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది. కానీ, నన్నడిగితే, ఆ క్షణాన ఇంకేం చెయ్యగలదు?

మారిస్ ఆ ముక్కని కళ్లకి దగ్గరగా పెట్టుకోలేదు. బొటనవేలితో అంచు చుట్టూ తడిమాడు. చుక్క తగిలింది. ఆ తర్వాత నున్నటి ఉక్కు. మళ్లీ చుక్క. మళ్లీ నున్నటి ఉక్కు. మళ్లీ మొదట్నుంచీ తడిమాడు.

"నేను చేశాను" అన్నాడు. "నాకు బాగా గుర్తుంది డోరీన్. వైసులో బిగించాను. నువ్వు నీలం చొక్కా వేసుకుని దీపం పట్టుకున్నావు. పొగకి దగ్గావు."

"అది ఛాసిస్సప్పుడు మారిస్. ఎప్పటి సంగతో."

ఆయన ముక్కని బెంచీ మీద పెట్టాడు. తర్వాత అడిగిన ప్రశ్న డోరీన్ అనుకున్నది కాదు.

"గడ్డ ఎప్పట్నించీ ఉండి ఉంటుందన్నాడు డాక్టరు?"

"సరిగ్గా చెప్పలేమన్నాడుగా. ఏళ్లు కూడా కావచ్చన్నాడు."

"ఏళ్లు" అన్నాడు మారిస్. కారు వైపు చూశాడు. గొట్టాలు, అతుకులు, సీటు బోల్టులు, బ్రేకు పైపులు, అన్నీ. ఆ చూపు చూసి, ఆయన్ని లేపి లోపలికి తీసుకెళ్దామని డోరీన్ చెయ్యి అందించింది. తీసుకోలేదు.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు పొద్దున గుడ్డు సగం తిని, "ఎర్ర ఊలు ఉందా?" అని అడిగాడు.

డోరీన్ ప్రాణం లేచొచ్చింది. పని మొదలెడుతున్నాడు, కోపం పోయింది అనుకుంది. "ఎంత కావాలి?"

"ఉన్నదంతా."

ఉండకి ఉండ ఇచ్చింది. ఆయన కర్ర పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. డోరీన్ ఆ పూట చాలా రోజుల తర్వాత కూనిరాగం తీస్తూ బ్రెడ్డు పుడ్డింగు చేసింది. అది వేడివేడిగా ప్లేటులో పెట్టుకుని వెళ్లి భుజంతో తలుపు తోసింది.

కారు నిండా ఎర్ర ఊలే. ఛాసిస్‌లో గొట్టం గొట్టం కలిసే ప్రతి చోటా ఒక ముక్క. ప్రతి బోల్టుకీ, ప్రతి బ్రాకెట్టుకీ, చక్రాలకీ, సీట్ల కాళ్లకీ, బ్రేకులకీ. కొన్ని ముళ్లు బాగా పడ్డాయి, కొన్నిటిని వణికే చేత్తో ఊరికే చుట్టి వదిలేశాడు. మారిస్ నేల మీద కూర్చుని, ఎడమ చెయ్యి సాయానికి రాక, పళ్లతో ముడి బిగిస్తున్నాడు.

"ఇదేంటి మారిస్?"

"ఏది చేశానో ఏది చెయ్యలేదో నాకు తెలియదు. అన్నీ చేసినట్టే గుర్తు. అదీ చేసినట్టే గుర్తు కదా!"

"లెస్ చూస్తాడు. ఒక్కొక్కటీ చూస్తాడు, చూసి..."

"నేను తెంపేదాకా ఎవ్వరూ ఎక్కొద్దు." గొంతు పెంచలేదు. "నువ్వసలు ఎక్కొద్దు. కట్టినవాడే తెంపాలి. మాటివ్వు."

ఆవిడ మాటిచ్చింది. పుడ్డింగు బెంచీ మీద చల్లారిపోయింది.

ఆ తర్వాత ఆయన గ్యారేజీ గడప తొక్కలేదు. తాళంచెవి తెచ్చి వంటింటి కొక్కేనికి తగిలించి, మళ్లీ ముట్టుకోలేదు. లెస్ రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి మారిస్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రెండోసారి వాడి చెయ్యి పట్టుకుని, "వెనక సస్పెన్షను దగ్గర చూడరా, అక్కడ నమ్మకం లేదు" అన్నాడు. "చూస్తాలే" అన్నాడు లెస్. "కానీ ఊలు తెంపకు" అన్నాడు మారిస్. తర్వాత తర్వాత మాటే తగ్గిపోయింది. ఒక్కోసారి నిద్రలో వేళ్లు కదిపేవాడు, ముడి వేస్తున్నట్టు. డోరీన్ ఆ వేళ్లు పట్టుకుని కూర్చునేది. ఆకులు రాలే రోజుల్లో పోయాడు.

అంత్యక్రియలయ్యాక, శాండ్‌విచ్‌లు తిని అందరూ వెళ్లిపోయాక, లెస్ కోటు వేసుకుని కూడా కదల్లేదు.

"కారు సంగతేంటి?"

"ఏముంది? కట్టినవాడే తెంపాలి. మాటిచ్చాను."

"రూలు రూలే" అన్నాడు లెస్. "కానీ వాడు చూడమన్నాడు నన్ను. వెనక సస్పెన్షను."

డోరీన్ ప్లేట్లు సింకులో పెట్టి వచ్చింది. "నువ్వు చూడు. ఊలు మాత్రం నాది, నేనే తెంపుతాను" అని, కొక్కెం మీంచి తాళంచెవి తీసింది.

మరుసటి రోజు మొదలుపెట్టి ఆ చలికాలమంతా అదే పని. లెస్ వైరు బ్రష్షుతో గీకి, సుత్తితో కొట్టి చెవి పెట్టి విని, ఇనప కడ్డీ దూర్చి వంచబోయి, ఒక్కొక్క అతుకూ చూశాడు. డోరీన్ దీపం పట్టుకుంది. వాడు "ఊఁ" అంటే ఆవిడ ఆ ఊలు ముక్క కత్తిరించి ఏప్రాన్ జేబులో వేసుకునేది. వెనక సస్పెన్షను ఊఁ. ఛాసిస్ ఊఁ. సీట్లు ఊఁ. బ్రేకులు ఊఁ. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందని ఆవిడ ఎదురుచూసింది, నిజం చెప్పాలంటే దొరకాలని కోరుకుంది. దొరికితే, ఆయన అనుమానం నిజమే, పాపం ఊరికే భయపడలేదు అనుకోవచ్చు. దొరకలేదు. అన్నీ నాణేలు పేర్చినట్టే ఉన్నాయి. ఆయన బతుకంతటిలో మర్చిపోయింది ఆ ఒక్క అతుకే.

"వెధవ" అన్నాడు లెస్, సుత్తి కింద పెట్టి. "ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు పోలేదు వెధవకి." మోచేత్తో కళ్లు తుడుచుకుంటే మొహమంతా గ్రీసు అంటుకుంది.

చివరికి స్టీరింగు రాడ్డు మిగిలింది, లెస్ వెల్డింగ్ చేసింది. దానికి మారిస్ ఒకటి కాదు, మూడు ముక్కలు కట్టాడు, మూడు ముళ్లేసి.

"చూశావా?" అన్నాడు లెస్. "తనని తను ఒక వంతు నమ్మలేదు. నన్ను మాత్రం మూడు వంతులు నమ్మలేదు."

డోరీన్ నవ్వింది. అంత్యక్రియల తర్వాత అదే మొదటిసారి. తర్వాత కూర్చుండిపోయి, ఇక ఆపుకోలేకపోయింది. లెస్ దీపం తన చేతిలోకి తీసుకుని, వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ వసంతంలో కారుకి పరీక్ష చేయించారు. పాసయింది. ఇప్పుడు దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్లవచ్చు, అడిగేవాడు లేడు. "చక్రం ముందుకి జరిపి పాత చోటే పెట్టమంటావా?" అని లెస్ అడిగాడు. "నీ కొలతకి ఉంటే నువ్వు తప్ప ఎవడూ కూర్చోలేడు. మోకాళ్లు తగులుతాయి."

"వద్దులే. అలాగే ఉండనీ."

శనివారం శనివారం గ్యారేజీ తలుపు తెరిచి, కాలెత్తి లోపల పెట్టి జారి కూర్చుంటుంది డోరీన్. బ్యాటరీ చావకుండా ఇంజను కాసేపు తిప్పుతుంది. చక్రం సరిగ్గా చేతికి అందుతుంది, చెయ్యి చాపనక్కర్లేదు, వంగనక్కర్లేదు. ఆయన చచ్చేంత తలనొప్పిలో తీసిన కొలతే అయినా వెంట్రుకవాసి తేడా లేదు. ఎడమకి తిప్పుతుంది, కుడికి తిప్పుతుంది, గట్టిగా, మలుపులో తిప్పినట్టు. ముందు చక్రాలు మాట వింటాయి. పక్క సీటు వైపు చూడదు.

ఇంజను కట్టేసి, దిగి, తలుపు వేసి వచ్చేస్తుంది. వీధి చివరిదాకా అయినా ఒక్కసారి తీసుకెళ్లమని లెస్ అంటూనే ఉంటాడు. ఆవిడ అవునని అనదు, కాదని అనదు. ఆ చక్రం ఆవిడ దగ్గరికి వచ్చింది, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండదారిలో పైదాకా వెళ్లడానికి. ఒంటరిగా వీధి చివరికి పోవడానికి కాదు.